మొదటి రీమ్యాప్ పవర్ కోసం కాదు

జపాన్ నుంచి వచ్చిన సుబారూ ఇంప్రెజా ఎస్‌టీఐ కొనుక్కున్న మిత్రుడొకడు, ట్యూనర్ దగ్గర రీమ్యాప్ (ఇంజన్ని నడిపే కంప్యూటర్లోని లెక్కలు తిరగరాయడం) చేయించిన కొద్దిరోజులకే ఇంజన్ పోగొట్టుకున్నాడు. హైవే మీద వెళ్తుంటే కిందనుంచి టకటకమని చప్పుడు మొదలైందట. పక్కకి తీసి ఆపేలోపే ఆయిల్ లైటు వెలిగిందట. కారు లారీ ఎక్కి ఇంటికొచ్చింది. ఆ రాత్రికే మాలో రెండు పక్షాలు తయారయ్యాయి. "నిన్నటిదాకా బాగున్న బండి, ట్యూనర్ చంపేశాడు" అని ఒక పక్షం. "సుబారూ ఇంజన్లంటేనే అంత, చేయించకపోయినా పోయేదే" అని రెండో పక్షం.

మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు అంటాం కదా. మొదటి పక్షం తాటిపండుని తిడుతోంది. నక్కలన్నీ ఎప్పుడో ఒకప్పుడు పోయేవేనని రెండో పక్షం వేదాంతం చెబుతోంది. ఈ నక్క అప్పటికే ఎందుకు మూలుగుతోందని గానీ, ఆ మూలుగు ఎవరికీ ఎందుకు వినపడలేదని గానీ అడిగినవాళ్ళు లేరు.

నాకు రీమ్యాప్‌తో పేచీ లేదు, వరసతోనే పేచీ. వాడిన జపాన్ టర్బో కారు చేతికి రాగానే అందరూ మొదట పవర్ కోసం వెళ్తారు, ఆరోగ్యం సంగతి తర్వాత చూద్దాంలే అనుకుంటారు. నా అభిప్రాయంలో అలాంటి కారుకి చేయించే మొదటి రీమ్యాప్ పవర్ పెంచకూడదు, వీలైతే తగ్గించాలి కూడా. ఈ ఊళ్ళో దొరికే పెట్రోలుకి, ఆ కారులో నిజంగా ఉన్న పార్టులకి, అతి తక్కువ బూస్ట్‌కి (టర్బో ఇంజన్లోకి తోసే గాలి ఒత్తిడికి) సరిపడేలా రాసిన మ్యాప్ అయ్యుండాలి. పవర్ కోసం రాసేది రెండోది. అదీ కారు దానికి తగినదని తేలితేనే. ఈ మాట అంటే కొందరికి కోపమొస్తుంది. "కొన్నది నెమ్మదిగా నడపడానికా?" అంటారు. ఆ ప్రశ్న దగ్గరికి తర్వాత వస్తాను.

వేలం షీటులో లేనిది

జపాన్ వేలం షీటు మీద నాకు గౌరవముంది. యూఎస్ఎస్ లాంటి సంస్థల వేలాల్లో ఇన్‌స్పెక్టర్లు కారు బొమ్మ మీద గీత పడ్డచోట ఏ అనీ, సొట్ట ఉన్నచోట యూ అనీ, రిపేరు ఆనవాలు కనపడిన చోట డబ్ల్యూ అనీ గుర్తు పెడతారు, పక్కన తీవ్రత అంకె వేస్తారు. గ్రేడు స్థానంలో ఆర్ ఉంటే ప్రమాదానికి సంబంధించిన రిపేరు జరిగిన కారని అర్థం. పైవొంటి గురించి ఇంత ఓపిగ్గా రాసిన కాగితం వాడిన కార్ల బజారులో ఇంకెక్కడా నాకు కనపడలేదు.

కానీ ఆ ఇన్‌స్పెక్టరు స్పార్క్ ప్లగ్గు విప్పడు, కంప్రెషన్ (సిలిండర్లో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందో) కొలవడు. ఇంజన్ కంప్యూటర్‌లో, అంటే ఈసీయూలో, ఎవరు రాసిన ఫైలుందో ఆయనకి అక్కర్లేదు. 4.5 లాంటి మంచి గ్రేడుకీ బేరింగ్ ఆరోగ్యానికీ ఎలాంటి సంబంధమూ లేదు. అయినా 4.5 చూడగానే "ఇంజన్ కూడా సూపర్ అన్నమాట" అని మన మనసు తనంతట తానే రాసేసుకుంటుంది.

ఇంకో ముఖ్యమైన సంగతుంది. జపాన్‌లో వాడిన పెర్ఫార్మెన్స్ పార్టులకి మంచి గిరాకీ. కారు వేలానికి పంపేముందు ఓనరు బూస్ట్ కంట్రోలర్ పీకి అమ్ముకుంటాడు, ఎగ్జాస్ట్ పీకి అమ్ముకుంటాడు, అటకమీది కంపెనీ పార్టులు తీసి బిగించేస్తాడు. కంటికి కనపడే మార్పులన్నీ అలా వెనక్కి వెళ్ళిపోతాయి. ఈసీయూ లోపలి రోమ్ (మ్యాపు రాసి ఉండే చిప్) అలాగే ఉంటుంది, తెగిన వైర్లూ అలాగే ఉంటాయి. ఎక్కువ బూస్ట్ తిన్న పిస్టన్లూ అవే. "పూర్తి స్టాక్ కారు" అని మనం మురిసిపోయేది తరచుగా బట్టలు మార్చుకున్న కారుని చూసే.

ఒకసారి ఇలాంటి కారొకటి చూడ్డానికి ఓ కుర్రాడికి తోడుగా వెళ్ళాను. గ్లవ్ బాక్స్ దించి చూస్తే ఈసీయూ వైర్ల మధ్య అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద డబ్బా ఒకటి, టేపు చుట్టి ఉంది. "ఇదేంటన్నా, అలారమా?" అన్నాడు కుర్రాడు. అమ్మేవాడూ అలారమే అనుకుంటున్నాడు. అది ఫ్యూయల్ కట్ డిఫెన్సర్. బూస్ట్ హద్దు దాటినప్పుడు పెట్రోలు ఆపేసి ఇంజన్‌ని కాపాడమని కంపెనీ ఈసీయూకి చెప్పి ఉంచుతుంది. ఈ డబ్బా ప్రెషర్ సెన్సర్ సిగ్నల్‌ని ఒక స్థాయి దగ్గరే పట్టేసి, బూస్ట్ అంతకు మించలేదని ఈసీయూకి అబద్ధం చెబుతుంది. ఎక్కువ బూస్ట్ వాడే రోజుల్లో పెట్టిన డబ్బా అది. బూస్ట్ కంట్రోలర్ వెళ్ళిపోయింది, డబ్బా మిగిలింది.

ఇలాంటి కారుని నేరుగా డైనో (కారుని ఒకేచోట నిలిపి పవర్ కొలిచే యంత్రం) మీదకి ఎక్కించి రీమ్యాప్ చేస్తే ఏమవుతుంది? ఈసీయూ నుంచి రికార్డు చేసిన లాగ్‌లో బూస్ట్ గీత పైకెళ్తూ ఒకచోట బల్లపరుపుగా నిలిచిపోతుంది. అసలు బూస్ట్ ఎక్కడిదాకా పోయిందో ఈసీయూకి తెలీదు. ఓపికున్న ట్యూనర్ ఆ బల్లపరుపు గీత చూసి ఆగిపోయి, బోనెట్ ఎత్తి తన సొంత గేజి తగిలిస్తాడు. వరసలో ఇంకా కార్లున్న ట్యూనర్‌కి అది మంచి బూస్ట్ కంట్రోల్ లాగా కూడా కనపడొచ్చు.

దీనికంటే నాకు భయం వేసేది గాలి సిగ్నల్‌ని మార్చే పిగ్గీబ్యాక్‌లు, అంటే సెన్సర్‌కీ ఈసీయూకీ మధ్య తగిలించే డబ్బాలు. అపెక్సీ వాళ్ళ ఎస్ఏఎఫ్‌సీ అప్పట్లో ఇంటింటికీ ఉండేది. ఎయిర్‌ఫ్లో సిగ్నల్‌ని తగ్గించి చూపిస్తే ఈసీయూ పెట్రోలు తగ్గిస్తుంది, పైన కంపెనీ అతిగా పోసే పెట్రోలు తగ్గి కొంచెం పవర్ వస్తుంది. ఇంతవరకే అందరికీ తెలుసు. గాలి తక్కువని నమ్మిన ఈసీయూ ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే వేళ) కూడా మ్యాపులో తక్కువ లోడ్‌కి రాసిన గడిలోంచి తీసుకుంటుంది, ఆ గడిలో అడ్వాన్స్ ఎక్కువ. అంటే పెట్రోలు పల్చబడుతుంది, నిప్పు ముందుగా పడుతుంది, రెండూ ఒకేసారి. దాన్ని సరిచూసుకుని వాడిన నేర్పరులు లేకపోలేదు. కానీ మూడు చేతులు మారిన కారులో దాని నాబ్ ఎక్కడ తిప్పి వదిలేశారో ఎవరు చెప్పగలరు?

వంద ఆక్టేన్ అలవాటు

జపాన్ ప్రమాణాల ప్రకారం రెగ్యులర్ పెట్రోలుకి కనీసం 89, హై ఆక్టేన్‌కి కనీసం 96 రాన్ ఉండాలి. రాన్ అంటే ఆక్టేన్ కొలత, అది ఎక్కువైనకొద్దీ పెట్రోలు అదుపు తప్పి పేలకుండా ఓర్చుకుంటుంది. కానీ అక్కడి పంపుల్లో హై ఆక్టేన్ పేరుతో దొరికేది దాదాపు 100 ఉంటుంది. అక్కడి ట్యూనర్లు రోమ్ రాసింది ఆ పెట్రోలు పోసుకునే కార్లకే. యూరప్‌లో మామూలు పెట్రోలు 95, ఖరీదైనది 98, 99. అమెరికా పంపు మీద కనపడే 91 వేరే పద్ధతిలో లెక్కగట్టిన అంకె, జపాన్ 100తో నేరుగా పోల్చకూడదు. రాన్‌లోకి మారిస్తే సుమారు 95, 96 అవుతుంది. ఎలా చూసినా కారు ఓడ దిగిన రోజునుంచి తాగేది నాసిరకమే.

దీన్ని చాలామంది "కొంచెం పవర్ తగ్గుతుందంతే" అని కొట్టిపారేస్తారు. కంపెనీ ఈసీయూ ఉన్నంతకాలం ఆ మాట చాలావరకు నిజం. సిలిండర్లో పెట్రోలు అదుపు తప్పి పేలితే (దాన్నే నాక్ అంటారు) నాక్ సెన్సర్ వింటుంది, టైమింగ్ వెనక్కి తీస్తుంది, బండి కాస్త మందగిస్తుంది. ఆ కాలపు నిస్సాన్ ఈసీయూల్లోనైతే హై ఆక్టేన్‌కి ఒక మ్యాపు, రెగ్యులర్‌కి ఒక మ్యాపు విడివిడిగా ఉండేవి. నాక్ గట్టిగా వినపడితే ఈసీయూ రెండోదానికి మారేది. పవర్ కోసం రోమ్ రాసినవాళ్ళలో కొందరు ఏం చేశారంటే, హై ఆక్టేన్ మ్యాపునే రెండో గడిలోనూ అతికించేశారు. ఇక మారినా మారకపోయినా ఒకటే. తమ దేశంలో తమ పెట్రోలుతో వాళ్ళకి అది తప్పుగా తోచి ఉండదు. అలాంటి రోమ్ ఉన్న నిస్సాన్ స్కైలైన్ ఇంకో దేశం చేరాక, కింద వల లేదన్న సంగతి కొత్త ఓనరుకి చెప్పేవాళ్ళు లేరు.

 ఈ నాక్ ఒక్కో ఇంజన్‌ని ఒక్కో చోట కొడుతుంది. సుబారూ 2.5 లీటర్ల టర్బోలో పిస్టన్ రింగుల మధ్య గట్టు విరుగుతుంది. పిస్టన్ల బదులు మూడు ముఖాల రోటర్ తిరిగే మాజ్డా ఆర్ఎక్స్-7 రోటరీలో, ఆ రోటర్ అంచున ఉండే అపెక్స్ సీలు పగులుతుంది, దానికి ఒక్క గట్టి నాక్ చాలు. పిస్టన్ ఇంజన్‌ కొన్ని దెబ్బలు ఓర్చుకుని హెచ్చరిస్తుంది, రోటరీ అంత గడువివ్వదు. అందుకే నా నియమం రోటరీల విషయంలో ఇంకా కఠినం. ఆ కారుకి ఎగ్జాస్ట్ ఒక్కటి మార్చినా చాలు, టర్బోని తప్పించి పొగని పక్కకి వదిలే వేస్ట్‌గేట్ దారి చాలక బూస్ట్ తనంతట తానే పైకి పాకుతుంది. "రీమ్యాప్ చేయించలేదు, ఎగ్జాస్టే కదా మార్చింది" అనే ఓనరు తనకి తెలియకుండానే ఇంజన్‌ని మ్యాపులో లేని చోటికి తీసుకెళ్తున్నాడు. ఇంకోటి, మామూలు కంప్రెషన్ గేజి రోటరీకి పనికిరాదు. మూడు ముఖాల్లో బలంగా ఉన్న ఒక్కదాని అంకే చూపిస్తుంది. మూడింటికీ విడిగా చూపే టెస్టర్ కావాలి. "కంప్రెషన్ చూశాం, బాగుంది" అని అమ్మేవాడు అంటే దేనితో చూశారని అడగండి.

దాచిపెట్టిన పవర్ కథ

రీమ్యాప్ అమ్మేవాళ్ళ నోట తరచుగా వినపడే మాట ఒకటుంది. "జపాన్ కంపెనీలే పవర్ దాచిపెట్టాయి సార్, మేం తాళం తీస్తున్నామంతే." దీనికి ఆధారం లేకపోలేదు. 1989 నుంచి 2004 దాకా జపాన్ కంపెనీలు తమ దేశంలో అమ్మే కార్లకి 280 పీఎస్ (ఇంచుమించు హార్స్‌పవర్ లాంటి కొలత) మించి చూపించకూడదని పెద్దమనుషుల ఒప్పందం చేసుకున్నాయి. స్కైలైన్ జీటీ-ఆర్, టొయోటా సుప్రా లాంటివి కాగితం మీద ఆ అంకె దగ్గరే ఆగినా లోపల ఇంకా చోటుంది.

కానీ ఆ చోటు ఎక్కడుందో చూడాలి. సుప్రాలోని 2జేజెడ్-జీటీఈ ఇంజన్ సంగతే తీసుకోండి. ఎగుమతి కారుకి స్టీలు టర్బైన్లు, నిమిషానికి 550 సీసీ పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు. జపాన్ కారుకి సిరామిక్ టర్బైన్లు, 440 సీసీ ఇంజెక్టర్లు. బ్లాకు అదే, పేరు అదే, దానికి తగిలించినవి వేరు. స్కైలైన్ జీటీ-ఆర్ ఇంజనైన ఆర్‌బీ26 మామూలు మోడళ్ళలోనూ సిరామిక్ టర్బైన్లే. తేలిక కాబట్టి త్వరగా స్పూల్ అవుతాయి, అంటే వేగం అందుకుంటాయి. బూస్ట్ 1 బార్ దాటించి నడిపితే ఆ చక్రం షాఫ్టు నుంచి ఊడి ముక్కలైపోవచ్చని ఓనర్లందరికీ తెలిసిన సంగతే. దానికి తోడు తొలినాటి ఆర్32 స్కైలైన్లలో ఆయిల్ పంపుని తిప్పే క్రాంకు చివర అంచు పొట్టిగా ఉంటుంది, దానివల్ల పంపు గేరు పగలడం మరో పాత జబ్బు. బ్లాకు ఎంతైనా మోస్తుందని విన్నవాడు ఈ రెండింటి గురించి వినడు.

ఇక నాకు అసలు నమ్మశక్యం కానిది "దాచిపెట్టారు" అన్న మాట వెనకున్న ఊహ. కంపెనీ ఇంజనీరు మిగిల్చిన ఆ చోటు మన కోసం దాచిన సొమ్మని అనుకుంటున్నారు. ఎండాకాలం కొండెక్కేటప్పుడు, నాసిరకం పెట్రోలు పడ్డప్పుడు, ఇంజెక్టరు ఒకటి కొద్దిగా మూసుకుపోయినప్పుడు కూడా ఇంజన్ బతకాలని వదిలిన జాగా అది. ఇరవై ఏళ్ళ కారులో ఇంజెక్టర్లు పాతబడ్డాయి, పెట్రోలు పంపు ప్రెషరు తగ్గింది, ఎయిర్‌ఫ్లో సెన్సర్ తీగ మీద నూనె రాసిన ఫిల్టర్ల తాలూకు జిడ్డుంది. ఆ జాగాలో సగం వయసే ఆక్రమించేసింది. మిగిలిన సగాన్ని డైనో మీద ఒక మధ్యాహ్నంలో అమ్మేస్తున్నాం.

విప్పాక కనపడింది

మిత్రుడి ఇంజన్ విప్పినప్పుడు నేనూ వెళ్ళాను. పిస్టన్ తలల మీద నాక్ గుంటలు లేవు. రింగుల మధ్య గట్లు చెక్కుచెదరలేదు. పోయింది పిస్టన్ రాడ్డు క్రాంకుని పట్టుకునే చోట ఉండే బిగ్ ఎండ్ బేరింగ్. ఒకటి తిరిగిపోయి నలిగిపోయింది. మిగతా వాటిమీద పైపూత అరిగిపోయి రాగి రంగు బయటపడింది. ఒక బేరింగ్ పోతే దాని పొడి ఆయిల్‌లో తిరిగి మిగతావాటినీ పాడుచేస్తుంది కదా, ఇదీ అంతేనేమోనని అడిగాను. మెకానిక్ గోరుతో రుద్ది చూపించాడు. "గీతలు కొత్తవి, అరుగుడు పాతది."

ఆ అరుగుదల రీమ్యాప్ తర్వాత నడిచిన కొద్ది దూరంలో వచ్చింది కాదు. అలాగని ట్యూనర్‌కి సంబంధం లేదని నేననను. బూస్ట్ పెరిగింది, టార్క్ పెరిగింది, రాడ్డు మీద బరువు పెరిగింది. అరిగిన బేరింగ్ మీద ఆ బరువు పడటమే చివరి దెబ్బ అయ్యుండొచ్చు. నాక్ కూడా బేరింగ్‌ని సుత్తితో కొట్టినట్టు కొడుతుంది. కానీ అప్పుడు మండే ఒత్తిడి పడే పై సగమే ఎక్కువ దెబ్బతినాలి. ఇక్కడ రెండు సగాలూ ఒకేలా అరిగాయి. ఇది ఆయిల్ కథలాగే ఉంది తప్ప టైమింగ్ కథలా లేదు. కోర్టులో నిలబడే సాక్ష్యమా అంటే కాదు. నాకు మాత్రం సరిపోయింది.

ఆయిల్ అంటే గుర్తొచ్చింది. ఆ కారు డోరు అంచున జపాన్ గ్యారేజీ అంటించిన ఆయిల్ మార్పు స్టిక్కరు ఉంది. దానిమీద సంవత్సరం చోట 22 అని రాసి ఉంది. కొన్నప్పుడు అందరం చూశాం, 2022లో మార్చారన్నమాట అని మిత్రుడు సంతోషపడ్డాడు కూడా. జపాన్‌లో చక్రవర్తుల కాలాన్ని బట్టి ఏళ్ళు లెక్కపెట్టే అలవాటుంది, అది హెయ్‌సెయ్ 22 కావచ్చు, అంటే 2010 అని అప్పుడే చెప్పాను. కిలోమీటర్ల అంకె చూస్తే అదే నిజమని తేలింది. ఆ తర్వాత ఆయిల్ మార్చలేదని దానర్థం కాదు. మార్చారనడానికి చేతిలో ఆధారం లేదంతే. టైమింగ్ బెల్టుకి కూడా అక్కడ ఇంజన్ కవరు మీద స్టిక్కరు అంటిస్తారు. 1,00,000 కి.మీ. దగ్గర బెల్టు మార్చాల్సి వస్తుంది కాబట్టి, ఖర్చు తప్పించుకోవడానికి ఆ అంకెకి కాస్త ముందే అమ్మేసేవాళ్ళూ ఉంటారు. అలాంటి కారు మీటరు మనకి "తక్కువ తిరిగింది" అనిపిస్తుంది.

అవతలి వాళ్ళ మాట

ఈ వాదన ఒక ట్యూనర్ ముందు పెట్టాను. అతను నా మిత్రుడి కారు చేసినవాడు కాదు. "నువ్వు చెప్పేది నిజమే. కానీ ముందు కంప్రెషన్, సిలిండర్లో గాలి ఎంత కారుతోందో చెప్పే లీక్‌డౌన్ చూస్తాను, దానికింత అవుతుంది అంటే కస్టమర్ పక్క షాపుకి పోతాడు. అక్కడ ఏమీ చూడకుండా మ్యాపు వేసి పంపిస్తారు. నేను నష్టపోతాను, కారు ఎలాగూ పోతుంది" అన్నాడు. ఇందులో అబద్ధం లేదు. కానీ ఇదే మనిషి డైనో ఎక్కించేముందు "ఇంజన్‌కి ఏమైనా మా బాధ్యత లేదు" అని సంతకం పెట్టించుకుంటాడు. చూడని ఇంజన్‌కి బాధ్యత తీసుకోనంటే న్యాయమే. చూడనని ముందే నిర్ణయించుకుని బాధ్యత వద్దనడం నాకు మింగుడుపడలేదు. ఆ కాగితంలోనే ఇంకో రెండు వరుసలు కలిపితే పోతుంది: ఏవేం కొలిచాం, ఏవేం కొలవలేదు. కస్టమర్ వద్దన్న పరీక్ష పేరు రాసి దాని పక్కన సంతకం పెట్టించండి. ఎంతమంది వద్దంటారో చూద్దాం.

డైనో గురించి కూడా ఒక మాట. బోనెట్ తెరిచి, ఎదురుగా పెద్ద ఫ్యాను పెట్టి, కొన్ని సెకన్ల పాటు లాగించే పరుగు అది. హైవే మీద ఎత్తెక్కుతూ నిమిషాల తరబడి నిలిచే వేడి అక్కడ పుట్టదు. పొడవైన మలుపులో ఆయిల్ ఒక పక్కకి పోయి, దాన్ని పీల్చాల్సిన పికప్ గాలి పీల్చే పరిస్థితీ అక్కడ రాదు. సుబారూ ఈజే ఇంజన్లలో ఆ పికప్ గొట్టమే పగులుతుందన్నది వేరే కథ. చేతికిచ్చే గ్రాఫులో పవర్ గీత, టార్క్ గీత ఉంటాయి. గాలి-పెట్రోలు నిష్పత్తి గీత, నాక్ గీత చాలాసార్లు ఉండవు. నేను చూసిన గ్రాఫుల్లో ఫ్రేము కట్టి గోడకి తగిలించినవే ఎక్కువ, అడిగి నాక్ లాగ్ తెచ్చుకున్నవాళ్ళు చాలా తక్కువ.

ఇక ఓనర్ల ప్రశ్న. "తక్కువ బూస్ట్‌తో నడపడానికా ఓడ ఎక్కించి తెప్పించుకున్నది?" దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. టర్బో ఊపు కోసమే ఆ కారు కొంటారు, నేనూ దాని మోజు తెలిసినవాణ్ణే. అయితే నేను అడుగుతున్నది ఎప్పటికీ కాదు. మొదటి కొన్ని వేల కిలోమీటర్లు.

నా వాదనలోనే ఒక లోటుంది, అది నాకు తెలుసు. కంప్రెషన్, లీక్‌డౌన్ చెప్పేది రింగులు, వాల్వులు, హెడ్ గాస్కెట్ గురించి. బేరింగ్ గురించి అవి ఒక్క ముక్క చెప్పవు. మిత్రుడి ఇంజన్‌కి ముందురోజు ఆ రెండు పరీక్షలూ చేసుంటే చక్కగా పాసయ్యేది. మరి ముందు కొలవాలన్న నా పట్టుదల వల్ల ఏం ఒరిగేది? కొలత ఒక్కటే చాలదు, కాలం కూడా కావాలి అన్నది అందుకే. తక్కువ బూస్ట్ మ్యాపుతో తిప్పుతూ ఆయిల్ గేజి పెట్టుకుంటే, వేడెక్కిన ఇంజన్ ఐడిలింగ్‌లో ప్రెషరు ఎంత పడుతుందో తెలుస్తుంది. మొదటి ఆయిల్ మార్పులో ఫిల్టరు కోసి మడతలు విప్పి చూస్తే రాగి పొడి ఉందో లేదో కంటికే కనపడుతుంది. అప్పుడు విప్పితే బేరింగ్ సెట్‌తో, మహా అయితే క్రాంకు పాలిష్‌తో పోతుంది. పూర్తి బూస్ట్‌లో పోతే రాడ్డు బ్లాకు చీల్చుకుని బయటికి రావొచ్చు. రెండు సందర్భాల్లోనూ బేరింగ్ పోయింది, కానీ మొదటిదాంట్లో ఇంజన్ మిగిలింది.

"అయితే స్టాక్‌కి తిప్పేస్తే పోలా, ఈ మొదటి మ్యాపు గొడవెందుకు?" అని కూడా అడిగారు. తిప్పగలిగితే తిప్పేయండి, అంతకన్నా మంచిది లేదు. కానీ లోపల పెద్ద ఇంజెక్టర్లుంటే కంపెనీ ఫైలు దాన్ని పెట్రోలులో ముంచుతుంది. టర్బో మార్చి ఉంటే కంపెనీ ఫైలుకి ఆ గాలి లెక్క తెలీదు. బట్టలు మార్చుకున్న కార్లలో ఏది స్టాక్, ఏది కాదు అని తేల్చడమే సగం పని. అందుకే ఉన్నది ఉన్నట్టుగా చూసి, దానికి మాత్రమే సరిపడే నెమ్మది మ్యాపు రాయించమంటున్నాను. ఆ మ్యాపు రాసే పనిలోనే ఆ అబద్ధాల డబ్బాలు, తెగిన వైర్లు, మూసుకుపోయిన ఇంజెక్టర్లు ఒక్కొక్కటే బయటపడతాయి. పవర్ మ్యాపులో ఇవి బయటపడవని కాదు. బయటపడేసరికి ఆలస్యమవుతుంది.

కొనేముందే వినగలిగితే ఇంకా మంచిది. సుబారూ ఈసీయూ టైమింగ్‌కి ఒక గుణకం గుర్తుపెట్టుకుంటుంది. అంతా బాగుంటే అది 1 దగ్గర ఉంటుంది, నాక్ వినపడుతూ ఉంటే తగ్గుతుంది. ల్యాప్‌టాప్ తగిలించి చూస్తే ఈమధ్య ఇంజన్ ఎలాంటి రోజులు గడిపిందో అదే చెబుతుంది. ఒకచోట అలా చూడబోతే గుణకం ఇంకా నేర్చుకోవడం మొదలెట్టని కొత్త స్థితిలో ఉంది. "నిన్ననే బ్యాటరీ మార్చానండీ" అన్నాడు అమ్మేవాడు. బ్యాటరీ తీస్తే ఈసీయూ నేర్చుకున్న ఆ గుర్తు చెరిగిపోతుంది. బ్యాటరీ నిజంగా కొత్తదే. ఇంజన్ మాత్రం మేం వెళ్ళేసరికే వేడిగా ఉంది, పిస్టన్ చప్పుడు చల్లని ఇంజన్‌లోనే బాగా వినపడుతుందని ఆయనకీ తెలిసే ఉంటుంది. నిజంగా నిర్దోషి కావచ్చు. మేం మాత్రం ఇంకోరోజు పొద్దున్నే వస్తాం, స్టార్ట్ చేయకుండా ఉంచండి అని చెప్పి వచ్చేశాం. ఆయన మళ్ళీ ఫోన్ ఎత్తలేదు.

మిత్రుడి కారు సంగతికొస్తే, బ్లాకు, క్రాంకు పనికిరావన్నారు. జపాన్ నుంచే వాడిన ఈజే207 ఇంజన్ ఇంకోటి తెప్పించాడు. దీనికి వేలం షీటు కూడా లేదు. ప్లాస్టిక్ షీట్ చుట్టిన ఇంజన్, మీద మార్కర్‌తో రాసిన కిలోమీటర్ల అంకె, అంతే. బిగించడం అయిపోయింది. ట్యూనర్ దగ్గర పాత ఫైలు భద్రంగానే ఉందట. "అదే ఇంజన్, అదే టర్బో, ఫైలు రెడీగా ఉంది, మళ్ళీ డబ్బులెందుకు?" అంటున్నాడు మిత్రుడు. ఆ ఫైలు రాసింది చనిపోయిన ఇంజన్ ఇంజెక్టర్లకి, దాని సెన్సర్‌కి, దాని అరుగుదలకి అని చెప్పాను. కనీసం వేస్ట్‌గేట్ స్ప్రింగ్ ఇచ్చే అతి తక్కువ బూస్ట్ దగ్గర కొన్నాళ్ళు తిప్పి, ఫిల్టరు కోసి చూసుకుని, ఆ తర్వాత రాయించుకో అన్నాను. వాళ్ళావిడ నా పక్షమే. ట్యూనర్ ఎటూ చెప్పడం లేదు. వచ్చే శనివారానికి డైనో బుక్ అయ్యుంది, దాన్ని వాయిదా వేయించడానికి ఇంకా ప్రయత్నిస్తున్నాను.